మాకు పేరిచ్చిన వేదవతమ్మ

పోయిన నెల ఒక సోమవారం పొద్దున, బత్తలపల్లెలో నేను తెలుగు చెప్పే బడిలో ప్రార్థన ముగిసి పిల్లలు తరగతులకు మళ్ళుతున్న వేళ వేదవతమ్మ మేనల్లుడు రామాంజనేయులు ఫోను చేశాడు. "అత్త పోయిందక్కా. కాఫీ తాగి మంచం మీద ఒరిగింది, మళ్ళీ లేయలే" అన్నాడు. ఆ మాట విన్నాక చేతిలోని హాజరుపట్టీ ఎవరికిచ్చానో, బస్సు ఎలా ఎక్కానో నాకు జ్ఞాపకం లేదు. అరవై ఆరేళ్ళ మనిషి పోవడం లోకంలో వింతేమీ కాదు. కాని కొందరు ఎల్లకాలం ఉంటారని మనసులో ఎప్పుడో నిశ్చయించుకుని నిశ్చింతగా ఉంటాం. వేదవతమ్మ నాకు అటువంటి మనిషి.

అంతలో మా పల్లె వాట్సాప్ గ్రూపులో ఎవరో "వేదవతి గారు ఇక లేరు" అని రాసి కింద దండం పెట్టే బొమ్మలు అతికించారు. ఇంటిపేరు లేదు, ఊరు లేదు. నా పేరూ వేదవతే కావడంతో, బస్సులో కూర్చున్న నాకు వరసగా ఫోన్లు మొదలయ్యాయి. ఎత్తి హలో అంటే చాలు, అవతలివాళ్ళు ఊపిరి పీల్చుకుని, నువ్వు కాదు కదమ్మా అని అడిగారు. నాకే కాదు, పొడుగు వేదవతికీ, అంగడి వేదవతికీ, ఇంకా ఎందరు వేదవతులకో ఆ పొద్దున ఇదే పని. మేం బతికే ఉన్నామని చెప్పి, పోయింది ఎవరో చెప్పి, అవతలివాళ్ళు ఏడుస్తుంటే వింటూ కూర్చున్నాం. ఒక మనిషి మరణవార్త ఇన్ని గడపల ముందు తచ్చాడి చివరికి ఆమె గడపకు చేరడం నేనెప్పుడూ చూడలేదు.

తెలియనివారి కోసం చెబుతాను. వేదవతమ్మ ముప్పై ఎనిమిదేళ్ళు బెళుగుప్ప చుట్టుపక్కల పల్లెల్లో నర్సుగా పనిచేసింది. పెళ్ళైన నాలుగేళ్ళకే భర్త పోయాడు, సంతానం లేదు. ఆమె చేతుల మీదుగా భూమ్మీద పడ్డ ఆడపిల్లల్లో ఎందరికో తల్లులు ఆమె పేరే పెట్టుకున్నారు. అలా పెట్టుకున్నవాళ్ళలో మా అమ్మ ఒకతె. అమ్మ ఆమెను అక్కా అనేది కాబట్టి నాకు ఆమె పెద్దమ్మ. ఆ తల్లి పోతూ పోతూ నా నెత్తిన ఒక పని పెట్టింది. ఆ పని చేస్తే బతికున్న వేదవతుల గుండెల్లో రాయి పడుతుంది, చేయకపోతే పోయిన మనిషికి ఇచ్చిన మాట తప్పుతాను. పదకొండో రోజు దాకా ఎటూ తేల్చుకోలేక నలిగిపోయాను. ఆ పనేమిటో చెప్పాలంటే ముందు ఆ పేరు సంగతి చెప్పాలి.

నేను పుట్టిన ఏడాది వానలు లేవు. మా ప్రాంతంలో ఏడును గుర్తుపట్టడానికి అది ఏమాత్రం పనికొచ్చే ఆనవాలు కాదని నాకు తెలుసు. ఆ ఏడు కరువు పని కింద రోడ్డుకు కంకర కొడుతుండగా మిట్టమధ్యాహ్నం అమ్మకు నొప్పులు వచ్చాయట. కబురు అందిన నర్సమ్మ నల్లగొడుగు వేసుకుని, సంచి భుజాన తగిలించుకుని రెండు మైళ్ళు నడిచి వచ్చింది. కంకర కొట్టే ఆడవాళ్ళను చుట్టూ నిలబెట్టి, కొంగులే దడిగా పట్టించి, రోడ్డు పక్కనే పురుడు పోసింది. నేను పుట్టీ పుట్టగానే ఏడవలేదట. కాళ్ళు పట్టుకుని తలకిందులు చేసి ఆమె రెండు దెబ్బలు వేశాక మొదలుపెట్టి, అయిదో తరగతి దాకా ఆపలేదని అమ్మ అంటుంది.

పేరు పెట్టే రోజు నాయన తన తల్లి పేరు పెడదామన్నాడు. అమ్మ ససేమిరా అంది. బతికించిన మనిషి పేరే పెట్టాలని పట్టుబట్టింది. ఆ సంగతి తెలిసి నర్సమ్మే పరుగున వచ్చి, వద్దు తల్లీ, నా పేరు వద్దు, లక్ష్మి అని పెట్టుకో, సరోజ అని పెట్టుకో, నీకు తోచింది పెట్టుకో అని బతిమాలిందట. ఎంత అణకువ గల మనిషో అనుకుని అమ్మ మరింత మురిసిపోయి, ఆమె ఎదుటే నా చెవిలో మూడుసార్లు వేదవతి అని పలికింది. నర్సమ్మ ముఖం పక్కకు తిప్పుకుందట. ఈ కథ అమ్మ నాకు చెప్పినట్టే, పొడుగు వేదవతికి వాళ్ళమ్మా, అంగడి వేదవతికి వాళ్ళమ్మా చెప్పారు. ఎవరింట్లో చూసినా ఆమె వద్దనడం, వాళ్ళు వినకపోవడం ఒకేలా జరిగింది. పెద్దల వినయం అంటే ఇదీ అని నేను ఒకసారి బడిలో వ్యాసం రాయించే పాఠంలో ఈ ముచ్చటే ఉదాహరణగా చెప్పాను. నా తెలివి అంత గొప్పది.

మా తరగతిలో నలుగురం ఉండేవాళ్ళం. హాజరు పిలుస్తూ అయ్యవారు ఒకసారి వేదవతి అంటే నాలుగు గొంతులు పలికేవి. విసిగిపోయి ఆయనే మాకు విడివిడిగా గుర్తులు తగిలించాడు. కోమట్ల చిల్లర దుకాణం వారి పిల్ల అంగడి వేదవతి, బోర్డు పైఅంచు అందుకునేది పొడుగు వేదవతి, ఎత్తు మీద ఇల్లున్నది మిట్టింటి వేదవతి. నేను ఏడుపు వేదవతిని. మా కులాలు వేరు, వీధులు వేరు, తినే కూడు వేరు. అయినా పక్కపల్లెల్లో జాతరకు పోతే, ఏ ఇంటి ఆడపిల్లో పరిచయమై పేరు చెబితే అదే పేరు అయ్యేది. అప్పుడు ఇద్దరమూ నవ్వుకుని, మీ అమ్మకూ ఆమే పురుడు పోసిందా అనుకునేవాళ్ళం. ఆ ఒక్క మాటతో బంధుత్వం కలిసిపోయేది.

పెద్దమ్మ నోరు మంచిది కాదు. ఈ మాట ఆమె ఉన్నప్పుడే అనేదాన్ని, ఇప్పుడు దాచడమెందుకు? పత్యం పేరుతో బాలింతకు కడుపు మాడ్చే అత్తలను వీధిలో నిలబెట్టి కడిగేది. ఒక ఇంట్లో మూడోసారీ ఆడపిల్లే పుట్టిందని నాయనమ్మ తలుపు పక్కన కూర్చుని శోకాలు మొదలుపెడితే, పెద్దమ్మ ఆ పసిగుడ్డును తెచ్చి ముసలామె ఒళ్ళో పెట్టి, "పట్టుకోమ్మా. నువ్వు కూడా ఇట్లనే పుట్నావు" అని తన దారిన తాను సంచి సర్దుకుందట. పురిటింట్లో పేరు గురించి పంచాంగం తెరిచినవాళ్ళను చూస్తే ఆమెకు ఒళ్ళు మండేది. "పేరు రేపైనా పెట్టుకోవచ్చు. ముందు పాలు పట్టండప్పా" అనేది. ఈ మాట మా పల్లెల్లో ఇప్పటికీ ఆడవాళ్ళ నోట వినిపిస్తుంది.

ఆ నోటికి ఎదురుగా ఇంకో పెద్దమ్మ ఉండేది. ఏ వేదవతికైనా ఒళ్ళు వెచ్చబడిందని తెలిస్తే చాలు, ఆమెకు నిద్రాహారాలు ఉండవు. తన పరిధిలోని ఊరు కాకపోయినా వచ్చేసేది. నాకు మూడో ఏట తట్టు పోసినప్పుడు మూడు రోజులు మా వసారాలో చాప వేసుకుని కూర్చుందట. ఇంత జ్వరానికి ఇంత భయమెందుకక్కా అని అమ్మే ఆమెకు ధైర్యం చెప్పాల్సి వచ్చింది. ఇక నాలుగేళ్ళు నిండిన రోజున తప్పకుండా వచ్చేది. చేతిలో కాగితం పొట్లం, అందులో బొరుగులూ బెల్లమూ కలిపి కట్టిన ఉండ. దాన్ని పిల్ల చేతిలో పెట్టి, అది పూర్తిగా తినేదాకా ఎదురుగా కూర్చుని, లేచి వెళ్ళిపోయేది. మొదటి పుట్టినరోజుకు రాదు, అయిదో పుట్టినరోజుకు రాదు. నాలుగే ఎందుకని ఎవరైనా అడిగితే, అప్పటికి పండ్లు గట్టిపడతాయిలే అనేది. అందరూ నమ్మారు. నర్సమ్మ చెప్పాక పళ్ళ గురించి మళ్ళీ ఎవరిని అడుగుతారు?

ఉద్యోగ విరమణ రోజున మేమంతా పోగై బెళుగుప్పలో ఆమెకు శాలువా కప్పాం. యాభై ఎనిమిదేళ్ళ మనిషిలా లేదు, నడివయసు మనిషిలా ఉందని వక్తలందరూ పొగిడారు. నేనైతే సేవాభావం మనిషిని వార్ధక్యం నుంచి కాపాడుతుందని ఒక సంస్కృత శ్లోకం కూడా కలిపి కొట్టాను. పెద్దమ్మ శాలువాలో ముఖం దాచుకుని నవ్వింది. కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. ఆ నవ్వుకు అర్థం నాకు పదేళ్ళ తరువాత గాని తెలియలేదు.

విరమణ తరువాత ఆమె బుక్కరాయసముద్రంలో తమ్ముడి కొడుకు రామాంజనేయులు ఇంటిపక్కనే రెండు గదుల ఇల్లు కట్టుకుని ఉండేది. తమ్ముడు ఎప్పుడో పోయాడు. రామాంజనేయులు పార్టీలో తిరిగే మనిషి, పదిమందిలో మాట పడనివాడు, అత్తను మాత్రం తల్లిలా చూసుకున్నాడు. బత్తలపల్లె నుంచి నేను నెలకొకసారైనా పోయేదాన్ని. నాకు కూతురు పుట్టినప్పుడు పేరు కోసం ఫోనులో వెతికి, విక అనే తోకతో అంతమయ్యే పేర్లు ఒక చాంతాడంత రాసుకుని ఆమెకు చదివి వినిపించాను. ఆమె ఓపికగా అంతా విని, "ఇట్లా పేరుతో పిలిస్తే పాప పలుకుతాదా, ఓటీపీ అడుగుతాదా?" అంది. మా అత్తగారు పొట్ట చేత్తో పట్టుకుని నవ్వింది. వేదవతి అని పెట్టమంటావేమో అనుకున్నాను పెద్దమ్మా అన్నాను నేను. వద్దనడానికి ఆమె క్షణం కూడా ఆలోచించలేదు. ఇంగ సాలు, ఇంతమంది సాలు అంది. ఆ తొందర చూసి నాకు మనసు కొంచెం చివుక్కుమంది కూడా.

పోయిన శ్రావణంలో ఒక మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి ఆమె ఇంటి ముందు మంచం మీద కూర్చుని శెనక్కాయలు వొలుస్తోంది. అప్పటికే గుండె బలహీనపడిందని డాక్టర్లు చెప్పారు. నేనూ పక్కన కూర్చుని వొలవడం మొదలుపెట్టి, తెలుగు పంతులమ్మను కదా, ఆ రోజు బడిలో మా పేరుకు అర్థం చెప్పానని గొప్పగా చెప్పాను. వేదమంటే తెలివిడి, వేదవతి అంటే తెలివిడి గల స్త్రీ అని విడమర్చాను. పెద్దమ్మ చేతిలోని కాయ పక్కన పెట్టింది. అది ఏరు పేరని, మా హగరి ఏటికి పుస్తకాల్లో ఉండే పేరని, వాళ్ళ నాయనకు ఆ సంగతి కాలువ కొలవడానికి వచ్చిన ఒక సర్వే మనిషి చెప్పాడని అంది. బెళుగుప్పకు పడమటగా హగరి గట్టున వాళ్ళకు మూడెకరాల మెట్ట. ఆ ఏరు ఏటికి ఒక నెల పారితే గొప్ప, మిగిలిన నెలలు ఇసకే. ఒక ఏడు మాత్రం గట్లు తెంచుకుని పారింది. ఆ నీళ్ళు వచ్చిన వారంలోనే వాళ్ళింట్లో ఆడపిల్ల పుట్టింది. ఇంత మంచి పిల్లకు హగరి అని పెడితే ఏం బాగుంటుందని, ఆయన పుస్తకంలో పేరు పెట్టాడు.

"అయితే నువ్వు నీళ్ళతో పాటు వచ్చినావన్నమాట" అన్నాను.

"నేను కాదే వేదా. మా అక్క" అంది పెద్దమ్మ. "అది నా పేరు కాదు. మా అక్కది."

ఆ తరువాత ఆమె నెమ్మదిగా చెప్పుకుపోయింది. వాళ్ళమ్మకు మొదట పుట్టిన మగపిల్లవాడు ఉయ్యాలలోనే పోయాడు. తరువాత వేదవతి. మూడేళ్ళు నిండి నాలుగో ఏడు నడుస్తుండగా ఆ పిల్ల తట్టు పోసి మూడు రోజుల్లో పోయింది. ఏటిగట్టు మీద తమ చేని అంచున కానుగ చెట్టు కింద పూడ్చిపెట్టారు. అప్పటికి తల్లి నిండు చూలాలు. రెండు నెలలకు మళ్ళీ ఆడపిల్ల. ఈ పిల్లనైనా దక్కించుకోవాలని, మా ప్రాంతంలో అప్పట్లో చేసే పనే వాళ్ళూ చేశారు. పసిబిడ్డను చేటలో పెట్టి తీసుకుపోయి ఊరి పెంటకుప్ప మీద, అంటే తిప్ప మీద పెట్టి వచ్చేశారు. ముందుగా చెప్పి ఉంచిన ముసలమ్మ ఒకతె దారిన పోతున్నట్టు వచ్చి, పారేసిన పిల్ల దొరికిందని ఎత్తుకుని వాళ్ళింటికే తెచ్చింది. తల్లి చేటెడు తవుడు పోసి తన బిడ్డను తానే కొనుక్కుంది. పెంటలో పారేసిన దాన్ని మృత్యువు కూడా ముట్టదని ఒక నమ్మకం. అలా దక్కిన పిల్లకు తిప్పమ్మ అనే పేరు పెడతారు. బారసాల లేదు, పండుగ లేదు. కరణం దగ్గర పుట్టుక రాయించనూ లేదు. పేరు కాగితానికి ఎక్కితే చావు కంట్లో పడుతుందని వాళ్ళ భయం.

అయిదేళ్ళకు బడిలో వేయబోతే పుట్టిన తేదీ చీటీ తెమ్మన్నారు. కరణం పుస్తకం తిరగేస్తే ఆ ఇంటి కింద ఒక్క ఆడపిల్లే ఉంది, వేదవతి. పుట్టినప్పుడు సంబరంగా వెళ్ళి రాయించారు, పోయినప్పుడు వెళ్ళి కొట్టేయించలేదు. కూతుర్ని పూడ్చి వచ్చి, కాళ్ళు కడుక్కుని, కరణం ఇంటికి నడిచే ఓపిక ఏ తండ్రికి ఉంటుంది? ఈ పిల్లేనా అని కరణం అడిగాడు. నాయన అవునన్నాడు. ఆ రోజు నుంచి తిప్పమ్మ వేదవతి అయింది, వయసులో మూడేళ్ళు పెరిగింది. ఆ మూడేళ్ళే ఆమెకు దారి చూపాయి. పదో తరగతి అయ్యాక నర్సు శిక్షణకు పోవాలంటే ఉండాల్సిన వయసు ఆమెకు లేదు, అక్కకు ఉంది. అక్క వయసు మీద చేరింది, అక్క వయసు మీదే మూడేళ్ళు ముందుగా ఉద్యోగం దిగింది. శాలువాలో ముఖం దాచుకుని ఆమె ఎందుకు నవ్విందో, నా శ్లోకం ఏమైందో అప్పుడు అర్థమై సిగ్గుపడ్డాను.

"ఎవురైనా పిల్లకు వేదవతి అని పెడితే నా గుండె జారిపోయేది" అంది పెద్దమ్మ. "చచ్చిపోయిన పిల్ల పేరమ్మా అని ఎట్ల చెప్పల్ల? చెప్తే ఉద్యోగం పోతాదని భయం. చెప్పకుంటే పిల్లకేమన్నా అయితాదని భయం. నాలుగేండ్లు నిండేదాకా ఒక్కొక్క పిల్లని చూసుకుంటా పానం బిగబట్టుకుని ఉంటి."

నా చేతిలో బొరుగులుండ పెట్టి, నేను తినేదాకా కూర్చున్న మనిషి గుర్తుకొచ్చింది. ఆమె వచ్చింది నా పుట్టినరోజుకు కాదు. ఒక గండం దాటాననే సంగతి తన కళ్ళతో చూసుకోవడానికి. నాకు ఏడుపు ఆగలేదు. ఏడుపు వేదవతి అనే పేరు నాకు ఊరికే పెట్టలేదు కదా.

ఆమె నా ఏడుపును పట్టించుకోలేదు. తల్లి ఒక్కతే చివరిదాకా తిప్పీ అని పిలిచేదని, నాయన కోప్పడినా మానలేదని చెప్పింది. "మా అమ్మ పోయినాక నన్ను నా పేరుతో పిల్చినోల్లే లేరే" అంది. తరువాత ఆ పని నెత్తిన పెట్టింది. "నన్ను ఆ కానుగ చెట్టు కాడ మా అక్క పక్కనే పూడ్చల్ల. రాయి మీద తిప్పమ్మ అని రాయించు. అక్క పేరు చానా దినాలు వాడుకుంటి. ఇంగ అక్కకిచ్చెయ్యల్ల."

సరే అన్నాను. ఆ మాట అనడానికి నాకు క్షణం పట్టింది. నిలబెట్టుకోవడం ఎంత కష్టమో అప్పుడు తెలియదు.

కానుగ చెట్టు దగ్గర పూడ్చడానికి రామాంజనేయులు అడ్డు చెప్పలేదు, ఆ చేను వాళ్ళదే. పేరు దగ్గరే పేచీ వచ్చింది. సంగతంతా విని బిత్తరపోయాడు. అత్త పుణ్యవతి కదా, పెంటకుప్ప పేరు రాయి మీద ఎక్కిస్తే నలుగురూ నవ్వరా అన్నాడు. వారం రోజులు ఫోనులో వాదించుకున్నాం. చివరికి వాడు నన్ను దెబ్బకొట్టే చోట కొట్టాడు. "నవ్వేది పక్కన పెట్టక్కా. దినాలకు అందరు వేదవతులూ వస్తారు. మీకుండేది చచ్చిన పిల్ల పేరని వాళ్ళ మొగం మీద నువ్వు చెప్తావా? చెప్పి, వాళ్ళు ఒప్పుకుంటే రాపిస్తా పో" అన్నాడు.

వాడన్నది అబద్ధం కాదు. ఒక్కతెకు రాకూడని రోగం వచ్చినా, బిడ్డ జారిపోయినా, ఆ పేరు వల్లే అనుకుంటారు. పెద్దమ్మ నలభై ఏళ్ళు గుండెల్లో మోసి దాచిన భయాన్ని నేను ఒక్క పూటలో అందరికీ పంచిపెట్టాలా? చెప్పకుండా ఊరుకుంటే ఏమవుతుంది, రాయి మీద వేదవతమ్మ అని ఉంటుంది, అందరూ దండం పెట్టుకుని పోతారు. ఊరుకోవాలనే అనిపించింది. ఒకటి కాదు, పదిసార్లు అనిపించింది.

పదకొండో రోజు హగరి గట్టు మీద చేని అంచున షామియానా వేశారు. పంతొమ్మిది మంది వేదవతులు వచ్చారు. కొందరు మొగుళ్ళతో, కొందరు ఎదిగిన పిల్లలతో, మిట్టింటి వేదవతి మనవరాలితో, నేను మా అమ్మతో. పోయిన మనిషికి ఇష్టమైనవి దినాల నాడు తెచ్చి పెట్టడం మా ఆచారం. ఎవరికి వారు సంచుల్లోంచి తీస్తే, ఒకరికొకరు చెప్పుకోకుండానే అందరూ తెచ్చింది బొరుగులుండలే. ఆమెకు అవి ఇష్టమో కాదో మాకెవరికీ తెలియదు. మాకు పెట్టడమే తప్ప ఆమె తినగా మేమెవరమూ చూడలేదు.

కొత్తగా వేసిన మట్టి పక్కన, గడ్డిలో సగం మునిగి, తలవైపొకటి కాళ్ళవైపొకటి, రెండు చిన్న రాళ్ళు ఉన్నాయి. పెద్దమ్మ అక్క అక్కడ ఉంది. నున్నటి కడప బండ ఒకటి చెట్టుకు ఆనించి, రాయి కొట్టే మనిషి ఉలీ సుత్తీ పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. పేరేం రాయాలని అడిగాడు. రామాంజనేయులు నా వైపు చూశాడు. నేను లేచి నిలబడ్డాను. కరణం పుస్తకం నుంచి బొరుగులుండ దాకా ఏదీ దాచకుండా చెప్పేశాను.

పొడుగు వేదవతి తల వంచుకుని నాలుగేళ్ళు నిండాక తనకు తెచ్చిన పొట్లం సంగతి గొణిగింది. ముందే చెప్పుంటే పేరు మార్పించుకుందును కదా అని వెనక ఎవరో అన్నారు, ఆమె గొంతులో కోపం ఉంది, నేను తప్పుపట్టను. అంగడి వేదవతి కూతుర్ని దగ్గరకు లాక్కుంది. రామాంజనేయులు, నేను చెప్పలేదా అన్నట్టు తల ఆడించాడు. నేను కూర్చోబోయాను.

అప్పుడు మా అమ్మ లేచింది. అరవై దాటింది, మోకాళ్ళ మీద చేతులు ఆన్చుకుని గాని లేవలేదు. ఆ రెండు చిన్న రాళ్ళ దగ్గరకు పోయి గడ్డి పక్కకు తీసి, మా అందరినీ ఒక్కొక్కరినే చూసింది.

"చచ్చిపోయిన పిల్ల పేరని ఎట్లంటారే?" అంది. "ఇంతమంది బతికి ఉండారు కదా."

అంతే అంది. ఆ మాటకు అంగడి వేదవతి ముందుగా ఏడ్చింది, తరువాత ఎవరు ఏడవలేదో నాకు తెలియదు. కోపంగా మాట్లాడిన ఆమె కూడా వచ్చి అమ్మ పక్కన కూర్చుని గడ్డి పీకింది. అంగడి వేదవతే కళ్ళు తుడుచుకుని రాయి కొట్టే మనిషి వైపు తిరిగి, రెండు పేర్లూ రాయమని చెప్పింది. రామాంజనేయులు తువ్వాలు భుజం మీద నుంచి తీసి ముఖం తుడుచుకుని, బండ పడుకోబెట్టడానికి తానే ఒక చెయ్యి వేశాడు.

వివరాలు అడిగాక రాయి కొట్టే మనిషికి సందేహం వచ్చింది. మూడేళ్ళ పిల్ల పేరు పైనా, అరవై ఆరేళ్ళ మనిషి పేరు కిందా రాయాల్నా అని అడిగాడు.

"పెద్దది కదప్పా" అన్నాడు రామాంజనేయులు. "అక్క."

సాయంత్రానికి అక్షరాలు పూర్తయ్యాయి. పైన వేదవతి, కింద తిప్పమ్మ. ఇటువంటి మనిషి పోతే తీరని లోటు అని రాయడం వ్యాసాల్లో అలవాటు. నేనూ ఎందరి గురించో రాశాను. ఇప్పుడు ఆ మాట రాయబోతే చెయ్యి ఆగుతోంది. నా ఒంటికి జ్వరం వస్తే నాకంటే ముందు భయపడే మనిషి ఇక లేదు. దానికి వేరే పేరు నాకు తెలియదు. పెంటకుప్ప మీద నుంచి ఎత్తుకొచ్చిన ఒక పిల్ల, కరువు నేలలో ఇంతమంది పిల్లలను నేల మీద నుంచి ఎత్తుకుంది. తన పేరు ఎవరూ పెట్టుకోకపోయినా, తనది కాని పేరును నలభై ఏళ్ళు కంటికి రెప్పలా కాపాడింది. ఆమెకు నా సాష్టాంగ నమస్కారం.

అందరూ వెళ్ళబోయే ముందు బొరుగులుండలు సమాధి మీద పెట్టాం. పంతొమ్మిదీ కొత్తమట్టి మీదే పెట్టబోతుంటే పొడుగు వేదవతి ఆపింది. ఒక ఉండ తీసుకుని ఆ రెండు చిన్న రాళ్ళ మధ్య పెట్టి, తినేదాకా చూస్తున్నట్టు ఎదురుగా కూర్చుంది. మేమూ కూర్చున్నాం. కాసేపయ్యాక నేను కొత్తమట్టి మీద చెయ్యి వేసి, "తిప్పమ్మా, అక్కకు నాలుగేండ్లు నిండినాయి" అని చెప్పాను.